నవ్వుతూ సాగనంపాం

మైకు ముందు నిలబడటం అలవాటు లేని గుమాస్తాను. తప్పులుంటే మన్నించాలి.

మా ఆవిడ పోయి ఈ మాఘానికి ఏడాది.

1975లో అశోక్‌నగర్‌లో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. కచేరీ ఉన్న సాయంత్రం ఆవిడ చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు, నేను సిటీ సెంట్రల్ లైబ్రరీకి. కచేరీ అయ్యాక వచ్చి నన్ను పేపర్ల ముందునుంచి లేవదీసేది. జీతం రోజున మాత్రం నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీ.

"నేను పోతే మూతులు ముడుచుకు కూర్చోకండి, పాటలు పెట్టండి" అనేది. పన్నెండో రోజు కర్మ శాస్త్రోక్తంగా ముగించి, సాయంత్రం డాబా మీద 1957 నాటి 'మాయాబజార్' పాటలు పెట్టాం. పెద్దాయన ఒకరు "ఇదేం చోద్యం?" అంటూ లేచారు. అంతలో మా పనిమనిషి, అమ్మగారు పులిహోరలో రెండుసార్లు ఉప్పేసి నేరం తనమీదికి నెట్టిన సంగతి చెప్పింది. అందరం నవ్వాం. పెద్దాయనా నవ్వి కూర్చున్నారు. తలా ఒక ముచ్చట చెప్పారు.

చివర కూరగాయలమ్మే ఆమె లేచింది. నెలాఖరున అరువు తీసుకుంటూ, "అయ్యగారికి చెప్పకు, బాధపడతారు" అనేదట. ముప్పయ్యారేళ్లు ఆఫీసు లెక్కల్లో పైసా తేడా రానివ్వలేదు. ఇంటి లెక్క మాత్రం ఆ రోజే తెలిసింది. "నీవల్లే ఇల్లు నిలిచింది" అని ఫోటోతో చెప్పాను.

మిత్రులారా, నవ్వుతూ సాగనంపడం అగౌరవం కాదు. ఆ మంచిమాటను మాత్రం ఫోటోకు దండ పడేదాకా దాచకండి. ఇవాళ ఇంటికి వెళ్లగానే చెప్పండి.

సెలవు.