హార్వర్డు విద్యాపీఠము: ప్రవేశము, వ్యయము, విద్యార్థి జీవనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమునాడు సముద్రముల కావలనున్న యొక విశ్వవిద్యాలయమును గూర్చి ప్రసంగించుట ఎట్లు పొసగునని కొందఱికి తోపవచ్చును. పొసగును. ఏలన, అమెరికాలో మిక్కిలి పురాతనమైన ఆ విద్యాపీఠము ధరించిన నామము రాజుది గాదు, సేనానిది గాదు. పుస్తకములు దానమిచ్చిన యొక యువకునిది.

1636 లో మసాచుసెట్సు వలసప్రాంతపు శాసనసభ 400 పౌనులు కేటాయించి యొక కళాశాలను స్థాపింప నిశ్చయించెను. 1638 లో జాన్ హార్వర్డు అను క్రైస్తవ బోధకుడు ముప్పదియేండ్ల ప్రాయముననే క్షయవ్యాధిచే మరణించుచు, తన యాస్తిలో సగమును, సుమారు 400 గ్రంథములను దానికి ఒసగిపోయెను. ఆయన తండ్రి లండనులో మాంసము విక్రయించి జీవించినవాడు. మఱుసటి యేడు కళాశాలకు ఆ బోధకుని పేరు పెట్టిరి. 1764 లో అగ్నిప్రమాదము సంభవించి గ్రంథాలయము దగ్ధమయ్యెను. ఆయన యిచ్చిన పుస్తకములలో ఒక్కటి మాత్రము మిగిలినది. ఎవరో చదువుటకు గొనిపోయి అప్పటికి తిరిగి యీయకుండుటయే దానికి కారణము. ఈ గ్రంథాలయ చందాదారులు దీనిని సాకుగా గొనరాదు.

ఆ తొలినాళ్లలో విద్యార్థులు తమ జీతమును నాణెములతోనే గాక గోధుమలతోను, వెన్నతోను, పశువులతోను చెల్లించెడివారు. 1643 లోనే ఆన్ మౌల్సన్ అను ఆంగ్లవనిత బీదవిద్యార్థులకై 100 పౌనులు పంపెను. అట్లని అక్కడ సమత్వము నెలకొనియుండెనని తలపరాదు. 1772 వరకు విద్యార్థుల పేర్లను అకారాది క్రమమున గాక తండ్రుల హోదాను బట్టి వ్రాసెడివారు. భోజనశాలలో కూర్చుండుట, ఊరేగింపులో నడచుట కూడ ఆ వరుసనే. ఊరి పంక్తిభోజనములలో ఇట్టి మర్యాదలు చూచినవారికి ఇది వింతగా తోపదు.

ఇక ప్రవేశము. 2023 లో చేరవలసిన తరగతికి 56,937 మంది దరఖాస్తు చేయగా 1,942 మందికి మాత్రమే అనుమతి లభించినది. నూటికి నలుగురైనను లేరు. మన దేశములో పెద్ద పరీక్షలు వ్రాయు బాలురు మార్కుల వరుసను బట్టి సీటు వచ్చుననియు, ఒక్క మార్కు తగ్గినచో పోవుననియు ఎఱుగుదురు. అక్కడి రీతి వేఱు. మార్కులు వలయును, శాట్ లేక ఏసీటీ అను పరీక్షలలో ఒకదాని ఫలితమును పంపవలయునను నియమమును కొంతకాలము సడలించి, 2024 లో మరల విధించిరి. కాని పరీక్షతో పని ముగియదు. ఉపాధ్యాయుల లేఖలు, విద్యార్థి స్వయముగా వ్రాసిన వ్యాసములు, తరగతి వెలుపల చేసిన పనులు, వీలున్నచోట పూర్వవిద్యార్థితో ముఖాముఖి సంభాషణ, వీనినెల్ల చదివి ఒక సంఘము కూర్చుండి చర్చించి వోటు చేయును. మొదటి విడతకు గడువు నవంబరు 1, రెండవదానికి జనవరి 1.

ఈ పద్ధతిని కొందఱు మెచ్చుదురు, మార్కులే మనిషిని కొలువవు గదాయని. మెచ్చదగినదే. కాని దీని పుట్టుకను కూడ చెప్పుట న్యాయము. 1922 లో అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్యకు బహిరంగముగా పరిమితి విధింప జూచెను. అధ్యాపకసంఘము అంగీకరింపలేదు. 1926 నుండి 'శీలము', 'వ్యక్తిత్వము' అను కొలతలు తెచ్చి, చాయాచిత్రములను, ముఖపరిచయములను కోరి, ఆ పనినే చాటుగా సాగించిరి. తలుపు మూయుటకు కనిపెట్టిన గడియయే తరువాతి కాలమున కొందఱు దరిద్రుల బిడ్డలకు తలుపు తెఱచుటకును ఉపకరించినది! 2023 జూన్ 29 న అమెరికా అత్యున్నత న్యాయస్థానము ప్రవేశములలో జాతిని పరిగణించుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమునందు బయటపడిన లెక్కలు గమనింపదగినవి. ఆఱేండ్ల దరఖాస్తులను చూడగా, పూర్వవిద్యార్థుల సంతానములో నూటికి సుమారు 33 మందికి అనుమతి దొరకగా, ఇతరులలో నూటికి సుమారు ఆఱుగురికే దొరకినది. తండ్రి హోదాను బట్టి పేరు వ్రాయు వాడుక 1772 లో పోయినదని చెప్పుకొంటిమి. పూర్తిగా పోయినదా యనునది వినువారి విచారమునకే విడువవలసియున్నది.

వ్యయమునకు వచ్చుదము. ఇది విని అనేకులు అక్కడనే ఆగిపోవుదురు గనుక కొంచెము నిదానముగా చెప్పవలయును. 2025-26 సంవత్సరమునకు బోధనరుసుము 59,320 డాలర్లు. వసతి, భోజనము మొదలైనవి కలుపగా 86,926 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కను సుమారు 74 లక్షలు, అదియు ఒక్క యేటికి. ఎకరములు అమ్మినను నాలుగేండ్లకు చాలునా? కాని అది అంగడిలో వ్రాసిపెట్టిన ధర మాత్రమే. అక్కడ సగమునకు మించిన విద్యార్థులు దానిని పూర్తిగా చెల్లింపరు. 2004 లో, సాలుకు 40,000 డాలర్లకు తక్కువ ఆదాయముగల కుటుంబమువారు ఏమియు ఈయ నక్కఱలేదని నిశ్చయించిరి. ఆ హద్దు క్రమముగా పెరిగి, 2025-26 నుండి లక్ష డాలర్లు అయినది. అంతవఱకు ఆదాయము గలవారికి బోధన, వసతి, భోజనము, ఆరోగ్యబీమా, ప్రయాణవ్యయము సమస్తము ఉచితము. రెండు లక్షల వఱకు గలవారికి బోధనరుసుము లేదు.

ఇది అమెరికనులకే గాదు. విదేశీయునకును ఇదే నియమము. సాయము కోరినంతమాత్రమున దరఖాస్తును త్రోసిపుచ్చుట లేదు. లక్ష డాలర్లనగా 85 లక్షల రూపాయలు. ఈ ఊరి రైతు, ఈ ఊరి బడిపంతులు, ఈ ఊరి దర్జీ ఆ హద్దులోపలివారే. ఇంత ఔదార్యమునకు మూలము దానధర్మములతో కూడిన నిధి. 2025 లో అది 5,690 కోట్ల డాలర్లు.

ఒక హెచ్చరిక మాత్రము చేయక తప్పదు. ఈ వాగ్దానము నాలుగేండ్ల తొలిపట్టము చదువు కళాశాలకు సంబంధించినది. ఇక్కడ పట్టము పొంది పైచదువునకు పోవువారికి అట్టి సార్వత్రిక వాగ్దానము లేదు. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క రీతి. మన పిల్లలలో పెక్కురు అప్పుచేసి పోవునది ఈ రెండవ దారినే. ఆ తేడా తెలియక ఇల్లు తాకట్టు పెట్టువారు గలరు. ప్రవేశము ఇప్పింతుమని పైకము గుంజువారు ఆ తేడాను చెప్పరు. మఱియు, 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఆ విశ్వవిద్యాలయమునకు విదేశీ విద్యార్థులను చేర్చుకొను అధికారమునే తొలగింప జూడగా న్యాయస్థానము అడ్డుకొన్నది. సీటు ఒకరి చేతిలోను, వీసా మఱియొకరి చేతిలోను ఉండునని గుర్తింపవలయును.

చేరినవారి జీవనము ఎట్టిది? తొలియేడు అందఱును పాతప్రాంగణము నందును, దాని చెంతను గల భవనములలో నివసింతురు. ఎత్తైన కప్పుగల ఆనెన్‌బర్గ్ శాలలో కలిసి భుజింతురు. ధనికుని కొడుకునకు వేఱు పంక్తి లేదు. తరువాత మూడేండ్లు పండ్రెండు 'హౌసు'లలో ఒకదానిలో వాసము. ఏ హౌసు అనునది చీటీలు తీసినట్లు నిర్ణయింతురు. ఎనమండుగురి వఱకు మిత్రులు జట్టుగా చేరవచ్చును. ఏమి చదువవలయునో చేరినప్పుడే చెప్పనక్కఱలేదు. రెండవయేట ప్రధానవిషయమును ఎన్నుకొందురు. తొలియేట ప్రతివారును వ్యాసరచన నేర్వవలసినదే, గణితశాస్త్రజ్ఞుడు కాదలచినవాడైనను సరే. బీదవిద్యార్థులు గ్రంథాలయములందును, ప్రయోగశాలలందును పని చేసి కొంత సంపాదింతురు. ప్రవేశమున నున్నంత కాఠిన్యము మార్కులలో లేదు. ఇచ్చు గ్రేడులలో నూటికి 60 కి పైగా 'ఏ' లే యని ఆ కళాశాల నివేదికయే 2025 లో ఒప్పుకొన్నది.

గ్రంథాలయమును గూర్చి చెప్పకున్న లోటు. 1912 లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు హారీ వైడ్‌నర్ అను పుస్తకప్రియుడు, హార్వర్డు పట్టభద్రుడు, తండ్రితో గూడ మరణించెను. తల్లి కొడుకు పేర కట్టించిన గ్రంథాలయము 1915 లో తెఱువబడినది. అందలి బీరువాల అరలను వరుసగా పేర్చిన సుమారు 57 మైళ్లు వచ్చును. అయినను, 1949 లో కట్టిన లామాంట్ గ్రంథాలయములోనికి 1967 వఱకు స్త్రీలకు ప్రవేశము లేకుండెను. ఈ సభలో ముందువరుసను కూర్చున్న బాలికలు ఈ మాటను విందురుగాక.

తుదకు మనవాని మాట. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 లో అక్కడి ఉష్ణమండలవైద్య పాఠశాలలో చేరెను. మామగారు సమకూర్చిన ధనముతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఆసరాతోను ఓడయెక్కినవాడు. అది చాలక, ఆసుపత్రిలో రాత్రులు పనివాడై రోగుల పాత్రలు కడిగి పగలు చదివెను. 1925 లో ఫిస్కె తో కలిసి భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించెను, ఏ.టి.పి. యను జీవశక్తి పదార్థమును 1929 నాటికి గుర్తించెను. 1930 లో డాక్టరు పట్టము పొందెను. శాశ్వతమైన ఉద్యోగమును మాత్రము అక్కడ ఈయలేదు. 1940 లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలకు వెడలిపోయెను. అక్కడ ఆయన పరిశోధకబృందము కనుగొన్న వానిలో హెట్రజాన్ ఒకటి. గోదావరి మండలములలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర అదియే.