దీపం ఆరితే వాల్వు మూసుకున్నట్టేనా?

(సికింద్రాబాదులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పావుగంట మాట్లాడమన్నారు. "మీరు అణువిద్యుత్ కేంద్రంలో చేశారు గదా, అక్కడి ఆపరేటర్లకు శిక్షణ ఎలా ఇస్తారు, ఆ లైసెన్సు పరీక్షలు ఎలా ఉంటాయి, వాటిలో కుర్రవాళ్ళు బాగా నెగ్గాలంటే ఏం చేయాలి, ఇవన్నీ చెప్పండి" అన్నారు. "అయ్యా, డి.ఆర్. బకాయిల చర్చ అయ్యాక ఇది పెడితే ఎవరు వింటారండీ?" అన్నాను. "వినేటట్టు చెప్పండి" అని నవ్వి వెళ్ళిపోయారు. ప్రయత్నిస్తాను.

నిజానికి ఈ విషయం మనకు పరాయిది కాదు. 1967లో ఈసీఐఎల్ ఇక్కడ పుట్టింది అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు మన దేశంలోనే తయారుచేసుకోవాలని. దాని తొలి సారథి మన పశ్చిమ గోదావరి మోగల్లుకు చెందిన ఏ.ఎస్. రావుగారు. ఆయన పేరు మీద ఉన్న కాలనీ నుంచి ఈ సభకు వచ్చినవారు చాలామందే కనిపిస్తున్నారు. 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు వచ్చింది. నేను ఏళ్ళ తరబడి నిలబడిన కంట్రోల్ రూములో ఈసీఐఎల్ ముద్ర ఉన్న పరికరాలు ఎన్నో ఉండేవి. రియాక్టరులో వేసే ఇంధనం కట్టలు ఇక్కడినుంచే వచ్చేవి. అర్ధరాత్రి డ్యూటీలో ఆ ముద్ర చూస్తే ఊరివాళ్ళెవరో పక్కన ఉన్నట్టు అనిపించేది.

ఇక పరీక్షల సంగతి. రైల్వేలో డ్రైవర్లుగా చేసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా కొత్త సెక్షనులో బండి నడపాలంటే ముందు ఆ దారి నేర్చుకోవాలి. సిగ్నలు ఎక్కడ, ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ అని కళ్ళారా చూసి, "ఈ దారి నాకు తెలుసు" అని సంతకం పెడితేగాని బండి అప్పగించరు. మా దగ్గరా అంతే. ఇంజనీరింగు డిగ్రీ ఉన్నంత మాత్రాన ప్యానెల్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. మొదట తరగతి చదువు. తరవాత కేంద్రమంతా తిరిగి ఒక్కొక్క పంపు, ఒక్కొక్క వాల్వు చూసి, చెక్‌లిస్టులో పెద్దల సంతకాలు తెచ్చుకోవాలి. ఆ పైన రాతపరీక్ష. ఆ పైన పరీక్షాధికారి మనల్ని వెంటబెట్టుకుని కేంద్రంలో నడుస్తూ అడిగే ప్రశ్నలు. సిమ్యులేటరు మీద పరీక్ష, వైద్య పరీక్ష. చివరిగా ఇంటర్వ్యూ. 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ లైసెన్సుల మీద తుది మాట చెబుతుంది. లైసెన్సు వచ్చినా అది జీవితాంతం చెల్లదు. మూడేళ్ళకొకసారి మళ్ళీ నిరూపించుకోవాలి. నలభై ఐదేళ్ళ వయసులో, పెళ్ళీడు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పరీక్షకు చదవడమంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఇప్పుడు నా కథ. 1980ల చివరి మాట. ఏ కేంద్రమో చెప్పను. తప్పు నాది, ఊరి పేరుతో పనిలేదు.

ఆ రోజుల్లో పాత ప్రశ్నల నోటుబుక్కు ఒకటి చేతులు మారుతూ ఉండేది. దాన్ని నేను కంఠతా పట్టాను. రాతపరీక్షలో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం గురించి అడిగారు. నాలుగు పేజీలు రాశాను. 1979 మార్చి 28 తెల్లవారుజామున అక్కడ ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే ఆ దీపం వాల్వుకు వెళ్ళిన ఆజ్ఞను చూపేదే గాని, వాల్వు అసలు స్థితిని చూపేది కాదు. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. ఒక చోట నీటిమట్టం పెరుగుతున్నట్టు కనిపించడంతో, రియాక్టరును కాపాడటానికి వస్తున్న అత్యవసర నీటినే తగ్గించారు. రెండు గంటలకు పైగా ఆ వాల్వు అలా తెరిచే ఉంది. ఇంధనంలో చాలా భాగం కరిగిపోయింది. ఇదంతా తేదీలతో సహా రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడొకాయన మా సొంత ప్యానెల్ మీది ఒక దీపం పేరు చెప్పి, "ఇది ఆరితే వాల్వు మూసుకున్నట్టేనా?" అని తాపీగా అడిగారు.

"అవునండి" అన్నాను.

ఆయన రెండోసారి అడిగారు. రెండోసారీ అవునన్నాను.

ఫలితం మీకు తెలిసిపోయే ఉంటుంది. ఇంటికి వచ్చి మా ఆవిడతో ముఖం చూపించలేక "ఇంకో ఆరు నెలలు" అన్నాను. "బండి తప్పింది, అంతేగా. స్టేషను ఎక్కడికీ పోలేదుగా" అని కంచం పెట్టింది. ఆమె సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల.

మా షిఫ్ట్ ఛార్జ్ ఇంజనీరుగారు తమిళులు. తెలుగు సినిమాల పుణ్యమా అని మన భాష వచ్చు. మర్నాడు రాత్రి డ్యూటీలో నన్ను ప్యానెల్ దగ్గరికి పిలిచారు.

"ఏమయ్యా, ఈ దీపం నీకేం చెబుతోంది?"

"వాల్వు మూసుకుందని, సార్."

"అలా చెప్పడం లేదు. మూసుకోమని మనం చెప్పామని చెబుతోంది. వాల్వు విన్నదో లేదో నువ్వు అడిగావా?"

ఆ రాత్రి డ్రాయింగు చేతికిచ్చి ఆ దీపం వైరు వెంట నన్ను నడిపించారు. ప్యానెల్ వెనక నుంచి రిలే దగ్గరికి, అక్కడినుంచి కేబుల్ ట్రే వెంట, మెట్లు దిగి వాల్వు దాకా. అది నిజంగా మూసుకుందో లేదో తెలుసుకోవడానికి ఇంకేం చూడాలో చూపించారు. వాల్వు తరవాతి గొట్టం వేడెక్కిందా, ఆ నీరు చేరే ట్యాంకులో మట్టం పెరిగిందా అని. తెల్లారేసరికి నాకు సిగ్గు వేసింది. అమెరికా వాల్వు గురించి నాలుగు పేజీలు రాసినవాణ్ణి, రోజూ నా కళ్ళ ముందున్న దీపం దగ్గర అదే పొరపాటు చేశాను. రెండోసారి నెగ్గాను.

కొన్నేళ్ళకు నన్ను శిక్షణ విభాగంలో వేశారు. ఒక బ్యాచిలో సగంమంది తప్పారు. "కుర్రాళ్ళు చదవడం లేదు" అన్నారు అందరూ. నేనూ అన్నాను. తరవాత జవాబు పత్రాలు ముందేసుకుని ఒక్కొక్క ప్రశ్నా విడివిడిగా చూశాం. దాదాపు అందరూ ఒకే రెండు ప్రశ్నల దగ్గర తప్పారు. ఒకరు తప్పితే అది ఆ అబ్బాయి లోపం. అందరూ ఒకే చోట తప్పితే? వెతికితే తేలింది. తరగతిలో మేము చూపిస్తున్న డ్రాయింగు పాతది. కేంద్రంలో ఆ గొట్టాల అమరిక ఎప్పుడో మార్చారు. అంటే తప్పింది పంతుళ్ళం.

అప్పటినుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ప్రతి పరీక్ష అయ్యాక ముందు మా పాఠాన్ని పరీక్షించుకోవడం మొదటిది. తరగతిలో చెప్పిన ప్రతి వ్యవస్థనూ ఆ వారంలోనే కాలినడకన వెళ్ళి చూపించడం రెండోది. సిమ్యులేటరు మీద అభ్యాసం అయ్యాక లేచి వెళ్ళిపోకుండా, ఎవరు ఏం చూశారు, ఎవరు ఏం చెప్పారు, ఎవరు వినిపించుకోలేదు అని అరగంట కూర్చుని మాట్లాడుకోవడం మూడోది. ఒకరు ఇచ్చిన ఆదేశాన్ని రెండోవారు తిరిగి పలికి, మొదటివారు "అవును, అదే" అన్నాకే చెయ్యి కదపాలని కూడా అక్కడే అలవాటు చేశాం. స్టేషను మాస్టర్లుగా చేసినవారికి ఇది కొత్తేమీ కాదు.

ఇంకొకటి మన పిల్లల గురించి. మన జిల్లాలనుంచి వచ్చిన కుర్రాళ్ళు కొందరు విషయం తెలిసీ ఇంటర్వ్యూలో ఇంగ్లీషు దగ్గర తడబడేవారు. "ముందు నాకు తెలుగులో చెప్పు, మీ అమ్మగారికి చెప్పినట్టు చెప్పు" అనేవాణ్ణి. తెలుగులో చెప్పలేకపోతే విషయమే తెలియలేదని అర్థం. తెలుగులో చెప్పగలిగితే ఇంగ్లీషు పదిరోజుల్లో వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, "తెలియదు సార్, ఫలానా పుస్తకం చూసి చెబుతాను" అన్నవాణ్ణి మేము ఎగతాళి చేయడం మానేశాం. తెలియనిది తెలుసన్నవాడే కంట్రోల్ రూములో ప్రమాదకారి. అది నా అనుభవమే.

ఇదంతా పరీక్ష నెగ్గడం కోసమేనా అని మీరడగవచ్చు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైను బ్లేడ్లు విరిగాయి. ఆ కుదుపుకు జనరేటరులోని హైడ్రోజన్ బయటికి వచ్చి అంటుకుంది. మంటలు కేబుళ్ళకు పాకాయి. కేంద్రం మొత్తానికి కరెంటు పోయింది. కంట్రోల్ రూము పొగతో నిండిపోయింది. అలా సుమారు 17 గంటలు. అటువంటి స్థితిలో అక్కడి ఆపరేటర్లు ఏం చేశారు? బ్లేడ్లు విరిగిన 39 సెకన్లలో రియాక్టరును చేత్తో ఆపేశారు. డీజిలుతో నడిచే అగ్నిమాపక పంపుల నీటిని స్టీమ్ జనరేటర్లకు పంపి వేడిని లాగించారు. కొందరు టార్చిలైట్లు పట్టుకుని చీకట్లో రియాక్టరు భవనం పైకి ఎక్కి, వాల్వులు చేత్తో తిప్పి, రియాక్టరులోకి బోరాన్ ద్రావణం వదిలారు. బయటికి రేడియోధార్మికత రాలేదు. ఆ మెట్లు, ఆ వాల్వులు చీకట్లో పుస్తకం తెరిచి చూసుకునేవి కావు. ముందే నడిచిన కాళ్ళకే ఆ దారి దొరికింది.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. మన సంఘానికి సంబంధించినది ఇదే.

త్రీ మైల్ ఐలాండ్‌లో జరిగినది మొదటిసారి కాదు. అంతకు ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరు 24న, ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో అదే కంపెనీ చేసిన రియాక్టరులో అటువంటి వాల్వే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడి ఆపరేటర్లు సుమారు ఇరవై నిమిషాల్లో కనిపెట్టి దారి మూసేశారు. పెద్ద నష్టం జరగలేదు. కాని ఆ అనుభవం రెండో కేంద్రంలో ప్యానెల్ ముందు నిలబడేవారి చెవిన పడలేదు. ఎక్కడో కాగితాల్లో నిలిచిపోయింది. ఇంకో విచిత్రం చూడండి. ప్రమాదం జరిగిన ఆ త్రీ మైల్ ఐలాండ్‌లోనే, 1981లో లైసెన్సు పరీక్షలో కాపీ జరిగిందని బయటపడి మళ్ళీ పరీక్ష పెట్టవలసి వచ్చింది. నా నోటుబుక్కు కంఠస్థానికీ ఆ కాపీకీ మధ్య దూరం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

మన దేశంలో 2047 నాటికి అణువిద్యుత్తు లక్ష మెగావాట్లకు చేరాలని ప్రభుత్వం 2025 బడ్జెట్టులో లక్ష్యం పెట్టుకుంది. ఎన్ని కేంద్రాలు కడితే అన్ని కంట్రోల్ రూములు, ప్రతి షిఫ్టుకూ లైసెన్సు ఉన్న మనుషులు కావాలి. యంత్రాలు డబ్బు పెడితే వస్తాయి. రాత్రి రెండు గంటలకు వైరు వెంట నడిపించే పెద్దమనిషి డబ్బుకు దొరకడు. నన్ను నడిపించిన ఆయన ఇప్పుడు లేరు. ఆయనకు తెలిసినదాంట్లో సగం కూడా ఎవరూ రాసుకోలేదు.

మనం ఏ శాఖలో చేసినా ఇది వర్తిస్తుంది. కాబట్టి సంపాదకులవారికి ఒక మనవి. మన పత్రికలో "నేను తప్పిన రోజు" అని ఒక పేజీ పెట్టండి. సన్మానాలు, పతకాల సంగతి అందరం చెప్పుకుంటూనే ఉంటాం. ఎక్కడ పొరబడ్డామో, ఎవరు దిద్దారో ఆ పేజీలో రాద్దాం. మొదటి వ్యాసం నాది, ఇప్పుడే ఇచ్చేశాను.

మా అన్నయ్య మనవడు ఇప్పుడు లైసెన్సు పరీక్షకు చదువుతున్నాడు. పోయిన నెల ఫోను చేసి, "తాతయ్యా, ఇంటర్వ్యూలో ఏం ప్రశ్నలు అడుగుతారు?" అన్నాడు. ప్రశ్నలు చెప్పలేదు, దీపం కథ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడకుండా ఫోను పెట్టేశాడు. వారం తరవాత మళ్ళీ చేశాడు. "తాతయ్యా, డ్రాయింగు పట్టుకుని మా ప్యానెల్ మీద ఒక్కొక్క దీపం వైరూ చూసుకుంటూ వెళుతున్నాను. ఇంకా సగం ఉన్నాయి" అన్నాడు.

నాకు చాలా సంతోషమైంది.