ఇంటర్నెట్‌ను ఎవరు ఆపగలరు?



ప్రపంచంలోని ఇంటర్నెట్ అంతా ఒక్కసారిగా కూలిపోతుందా అని మన యువకులు అడుగుతుంటారు. అది దాదాపు అసాధ్యం. దానికి ఒకే కేంద్రమంటూ లేదు. వేలాది నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒక దారి తెగితే సమాచారం మరో దారిన వెళ్తుంది.

రెండో దారి లేనిచోట సంగతి వేరు. 2011లో జార్జియాలో రాగి కోసం తవ్వుతున్న వృద్ధురాలి పార తగిలి కేబుల్ తెగితే, పొరుగునున్న ఆర్మేనియా గంటల తరబడి ఇంటర్నెట్ లేక అల్లాడింది. అదే ఏడాది ఈజిప్టు ప్రభుత్వానికి పార కూడా అక్కరలేకపోయింది. కొద్దిపాటి సంస్థలకు ఆదేశాలు అందాయి. దేశం సుమారు ఐదు రోజులు మూగబోయింది.

మన దేశానికి వద్దాం. జమ్మూ కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆపిన 4జీ, ఆ ప్రాంతమంతటికీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. కరోనా కాలపు ఆన్‌లైన్ పాఠాలను అక్కడి పిల్లలు చాలావరకు 2జీతోనే నెట్టుకొచ్చారు. ఈలోగా 2020 జనవరి 10న, అనురాధా భసీన్ కేసులో, సుప్రీంకోర్టు నిరవధిక నిలిపివేత చెల్లదన్నది, ఉత్తర్వులను ప్రచురించాలన్నది. నాకు ఈ రెండో మాటే ముఖ్యం. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి. సంఖ్య, తేదీ, కారణం తెలియని ఉత్తర్వును ఏ న్యాయస్థానంలో ప్రశ్నించగలం?

కనుక మన ఊళ్లో సేవలు ఆగిననాడు ముందుగా ఉత్తర్వు ప్రతిని లిఖితపూర్వకంగా అడగండి. రాష్ట్రంలో సాధారణంగా ఆ అధికారం హోంశాఖ కార్యదర్శిది. నిబంధనల ప్రకారం ఒక్కో ఉత్తర్వు 15 రోజులు మించరాదు. పదహారో రోజున మళ్లీ అర్జీ పట్టుకుని వెళ్లండి.