కంటి శిబిరంలో అడగాల్సిన మాట



బేత్సయిదాలో యేసు చూపులేని మనిషి మీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. మనుషులు నడిచే చెట్లలా ఉన్నారన్నాడతడు. ప్రభువు అది చాలనుకోలేదు. మళ్లీ చేతులుంచాడు.

మన బళ్లారి పల్లెల్లో సంఘాలు శిబిరాలు పెడతాయి. శుక్లం చూస్తాం, అద్దాలిస్తాం, బ్యానరు ముందు ఫొటో దిగుతాం. షుగరు కంటి వెనుక రెటీనాను తినేస్తున్నా నొప్పి ఉండదు. చాలాకాలం చూపూ తగ్గదు. ఫండస్ కెమెరా తీసిన ఫొటోలో మాత్రం రక్తపు చుక్కలు ముందే బయటపడతాయి. 1991లో లోకానికి తెలిసిన ఓసీటీ స్కాన్ ఇంకా లోతుకు వెళ్తుంది. సూది లేదు, కోత లేదు. కాంతితోనే రెటీనా పొరలను మిల్లీమీటరులో నూరో వంతు సన్నదనంతో చూపుతుంది. ఎక్కడ నీరు చేరింది, ఇంజెక్షన్ తర్వాత ఎంత తగ్గింది, డాక్టరు కొలిచి చెప్పగలరు.

ఆ యంత్రం పట్నంలో ఉంటుంది. సిరుగుప్ప దగ్గర వరి నాట్లు వేసే అక్కకు పట్నం ప్రయాణమంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఇంజెక్షన్లు ఒక్కసారితో అయ్యేవీ కావు. మధ్యలో మానేస్తే అజాగ్రత్త అని ఆమెనే అంటాం!

వచ్చే శిబిరానికి డాక్టర్లను పిలిచేటప్పుడే ఫండస్ కెమెరా తెస్తారా అని అడగండి. కానుకల్లోంచి బస్సు చార్జీకి, ఆ రోజు కూలికి ఒక పద్దు రాయండి.