సీ భాషతో నా ఓనమాలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను మాటాడుమన్నప్పుడు భారతముమీదనో భాగవతముమీదనో మాటాడుదునని తలచియుందురు. వానిని నాకంటె నెరిగినవారు ముందు వరుసలోనే యున్నారు. నేను రెండేండ్లుగా ఓనమాలు దిద్దుచున్న వేరొక విద్యను గూర్చియు, అందు నేను చేసిన తప్పును గూర్చియు మనవి చేసెదను. ఆ తప్పువలన నొచ్చుకొన్నవారు మన చందాదారులే గనుక, వారి యెదుటనే చెప్పుట న్యాయము.

మన పఠనమందిరమున ఒక కంప్యూటరు, పుస్తకములిచ్చు గదిలో మరియొకటి కలవు. తిరిగివచ్చిన పుస్తకముల జాబితాను కాగితముపై వ్రాసి ఒక గదినుండి మరియొక గదికి మోయుచుంటిమి. చిట్టానుండి ఆవర్జాకెక్కించుట నా వృత్తియే గదా, దీనిని యంత్రముచేతనే చేయింతమని సీ భాషకు పూనుకొంటిని. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన భాష యిది. వ్యాకరణము చిన్నది, శిక్ష కఠినము. మాట చివర సున్న బైటు పెట్టనిచో, ఎచట నాగవలెనో తెలియక ప్రక్క పొలములోనికి పోవును. యంత్రములు పరస్పరము మాటాడుకొను 'సాకెట్' పద్ధతి, బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 1983లో వెలువరించిన యూనిక్స్‌తో వ్యాపించినది.

సాకెట్ అడిగినచో యంత్రము ఒక అంకె నిచ్చును. నాకు 3 వచ్చినది. 0, 1, 2 ఏమైనవని వెదకగా, అవి ఇన్‌పుట్, అవుట్‌పుట్, తప్పుల నివేదికలకు ముందే కేటాయించినవట. దస్తావేజులకు క్రమసంఖ్య వేయువానికి ఇది చప్పున బోధపడును. బైండ్ అనగా ఫలాని పోర్టున కూర్చుండుట, లిసెన్ అనగా చెవియొగ్గుట, యాక్సెప్ట్ అనగా వచ్చినవానిని లోనికి పిలుచుట. పిలిచినవానికి వేరొక క్రొత్త అంకె నిచ్చును. వాకిటి సాకెట్ మాత్రము తరువాతివాని కొరకు వాకిటనే కాచియుండును.

మొదటి చిక్కు అంకెలతోనే వచ్చినది. నేను 8080వ పోర్టు తెరచితిననుకొంటిని. తలుపు 36895 వద్ద తెరచుకొన్నది! 8080 అనగా 31 ఇంతల 256, ఆపైన 144. నెట్‌వర్కు నియమము పెద్దదైన 31ని ముందు పెట్టుమనును. మన యంత్రము 144ను ముందు దాచును. తారుమారు చేయు ఆజ్ఞను నేనొక వైపు వ్రాసి, రెండవ వైపు మరచితిని. మన పూర్వులు సంవత్సరములను పదములతో చెప్పునపుడు 'వేద నేత్ర' మన్నచో 42 కాదు, 24. ఒకట్ల స్థానము ముందు. ఇది యెరిగినవాడనయ్యు రెండు రాత్రులు నిద్ర చెడగొట్టుకొంటిని. ఈ రెండు తెగలకు 1980లో డేనీ కోహెన్, గలివరు కథలో గుడ్డును పెద్దకొన, చిన్నకొన పగులగొట్టువారి పేర్లనే పెట్టినాడు.

ఇక నా తప్పు. పది పన్నెండు పుస్తకముల జాబితా చక్కగా వెళ్ళుచుండెను. సెలవులు ముగిసిన దినమున పుస్తకములు గుట్టలుగా వచ్చినవి. నెట్‌వర్కున ఒక విడతకు సాధారణముగా ఇంచుమించు 1460 బైట్లు పట్టును. తెలుగు లిపిలో ప్రతి గుర్తునకు మూడు బైట్లు. 'రామాయణము' అను ఒక్క మాటకే 24. జాబితా ముక్కలై వచ్చినది. నా ప్రోగ్రాము 'రిసీవ్' అని ఒక్కమారడిగి, వచ్చినదే సర్వమనుకొన్నది. రెండు కుండల నీరు కాలువలో పోసినచో, దిగువ మడిలో ఏది యే కుండనీరో యెవరు చెప్పగలరు? ఈ ధారయు నట్టిదే. హద్దు మనమే గీయవలెను.

తోకలోని పుస్తకములు ఆవర్జా కెక్కలేదు. వానిలో నొకటి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తిరిగి యిచ్చినది. పుస్తకము రాలేదని మేమనగా, ఆయన మారుమాటాడక వెల బల్లపై నుంచి వెళ్ళిపోయిరి. తరువాత మూడు వారములు గ్రంథాలయమునకు రాలేదు. ఆ పుస్తకము బీరువాలో తన చోటనే కనబడినది. డబ్బు పట్టుకొని ఆయన యింటికి నేనే వెళ్ళితిని. ఆ నడక నాకు జ్ఞాపకమున్నది.

ఇప్పుడు ముందుగా నాలుగు బైట్లలో 'ఇంత వచ్చును' అని చెప్పి పంపుచున్నాను. అంతయు చేరువరకు మరల మరల అడుగును. సున్న వచ్చినచో అవతలివాడు తలుపు మూసెనని యర్థము. నడుమ మూసినచో ఒక్క పద్దైనను ఎక్కింపక తప్పు చూపును. కాగితపు జాబితాను కూడ మానలేదు. మానుమని యెవరన్నను వినను.

నేర్చుకొనగోరు పిల్లలకు రెండు యంత్రములక్కరలేదు. 127.0.0.1 అను చిరునామాతో ఒకే యంత్రము తనతో తానే మాటాడుకొనును. కాని అక్కడ నడచినది గదుల మధ్య నడచునని నమ్మవలదు, నేను నమ్మితిని.

ఆ ఉపాధ్యాయులు మొన్న పుస్తకము తిరిగి యిచ్చి, చేరినదో లేదో తెర చూపుమనిరి. చూపితిని.