తీర్థయాత్ర: పేదవాని యజ్ఞం

(కంచన్‌బాగ్ భక్తుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

సెలవులు సమీపించినప్పుడల్లా నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. "శాస్త్రిగారూ, ఈసారి ఏ ఊరు వెళ్లమంటారు?" అని. మన కంచన్‌బాగ్‌లో ఈ ప్రశ్న పుట్టడం సహజమే. ఇక్కడ రక్షణ పరిశోధనశాలలున్నాయి, మిధాని ఉన్నది, భారత్ డైనమిక్స్ ఉన్నది. ఉద్యోగాల నిమిత్తం దేశం నలుమూలలనుండి వచ్చినవారు ఇరుగుపొరుగులై కాపురముంటున్నారు. వంగదేశీయుడు పూరీ గొప్పతనం చెబుతాడు, కేరళవాసి గురువాయూరు చూడమంటాడు, తమిళ సోదరి మధుర మీనాక్షిని వర్ణిస్తుంది. వినేవారికి అన్నీ చూడాలనే ఉంటుంది. కాశ్మీరం నుండి కన్యాకుమారి వరకు చూడదగినవి ఎన్నో ఉన్నాయి. ఒక్క జన్మ చాలదు. కనుక ఏ ఊరు వెళ్లవలెనో చెప్పడం నా పని కాదు. ఎట్లా వెళ్లవలెనో, ఎవరిని తోడు తీసుకొని వెళ్లవలెనో శాస్త్రం చెప్పినది మీకు విన్నవిస్తాను.

ముందుగా మాటల అర్థం చూద్దాం. 'తీర్థం' అనే శబ్దం దాటుట అనే అర్థం గల ధాతువునుండి పుట్టినది. నదిని సులభంగా దాటగల రేవు, నీటిలోనికి భయం లేకుండా దిగగల మెట్టు, అదే తీర్థం. బలిష్ఠుడు నదిని ఎక్కడైనా ఈదగలడు. బాలుడు, వృద్ధుడు, గర్భిణి, మూట మోసుకొచ్చిన కూలివాడు దాటవలెనంటే రేవు కావాలి. అంటే తీర్థమనే మాటలోనే బలహీనుని మీది దయ ఉన్నది. 'క్షేత్రం' అంటే పొలం. పొలంలో ఏ విత్తు వేస్తే ఆ పంటే వస్తుంది. ఇక 'పర్యటన' అంటే చుట్టూ తిరగడం. అది తక్కువ మాట కాదు. శంకర భగవత్పాదులు దేశమంతా పర్యటించినవారే. అయితే తిరిగి వచ్చినవాడు ఏమి తెచ్చుకున్నాడు, వెళ్లిన చోట ఏమి విడిచి వచ్చాడు అన్నదే విచారించవలసిన విషయం.

మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రల ప్రస్తావన విస్తారంగా ఉన్నది. పూర్వం పులస్త్య మహర్షి భీష్మునికి చెప్పిన విషయాన్ని నారదుడు ధర్మరాజుకు చెబుతాడు. దాని భావమిది. యజ్ఞాలకు ఎన్నో ఉపకరణాలు కావాలి, సంభారాలు కావాలి, ద్రవ్యం కావాలి. రాజులు, ధనవంతులు మాత్రమే వాటిని చేయగలరు. ధనం లేనివాడు, సహాయం లేనివాడు, ఒంటరివాడు ఏమి చేయాలి? అతనికోసం ఋషులు చెప్పిన రహస్యమే తీర్థయాత్ర. దాని ఫలం యజ్ఞఫలాన్ని మించినది. ఎవరి చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉంటాయో వారికే ఆ ఫలం అని కూడా అక్కడే చెప్పబడినది. చేయి అదుపులో ఉండడమంటే తనది కానిదాన్ని తీసుకోకపోవడం. కాలు అదుపులో ఉండడమంటే ఇతరులను తొక్కుకొని పోకపోవడం. మనస్సు అదుపులో ఉండడమంటే తోటి యాత్రికుణ్ణి అడ్డంకిగా తలచకపోవడం.

మహాశయులారా, యాత్ర పేదవాని కోసం ఏర్పడినదన్న ఈ మాటను మనస్సులో ఉంచుకొనండి. తక్కిన ప్రసంగమంతా దీనికి వ్యాఖ్యానమే.

మన తెలుగువారిలో యాత్రను గ్రంథస్థం చేసిన పెద్దలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు అగ్రగణ్యులు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా నాగపూరు, ప్రయాగ దాటి కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూచుకొని, సముద్రతీరపు దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా పట్టినది. 1838లో అచ్చయిన వారి 'కాశీయాత్ర చరిత్ర' చదివితే ఒక సంగతి కనబడుతుంది. దేవాలయాలను వర్ణించినంత శ్రద్ధగానే ఆయన ప్రతి మజిలీలో నీటి వసతి ఉన్నదా, సత్రం ఉన్నదా, దినుసులు దొరుకుతాయా అన్నది వ్రాశారు. ఎందుకు? వెనుక వచ్చేవాడి కోసం. తన యాత్ర తనతో ముగిసిపోరాదని ఆ మహనీయుని సంకల్పం.

ఆ సత్రాలు, ఆ చెరువులు, ఆ సాలవృక్షాల నీడలు ఎవరు ఏర్పాటు చేశారు? యాత్రకు వెళ్లలేనివారు, వెళ్లినవారు, ఇద్దరూ కలిసి చేశారు. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) ఉండేవారు. దారిన పోయే ఎవరికైనా, ఏ వేళనైనా, కులమేదని అడగక అన్నం పెట్టిన తల్లి. ఆమె ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరినదట. దారిలో ఆకలిగొన్న బాటసారులు "ఇంకొంచెం ఓర్చుకుంటే సీతమ్మగారి ఇల్లు వస్తుంది" అని పిల్లలను ఊరడించడం వినబడినదట. ఆమె యాత్ర మానుకొని ఇంటికి మళ్లి, వారికి వండి వడ్డించినదని కోనసీమలో నేటికీ చెప్పుకుంటారు. ఆమెకు యాత్రాఫలం దక్కలేదని ఎవరు అనగలరు? తిరుమలలో తరిగొండ వెంగమాంబ భక్తులకు అన్నపానాలు సమకూర్చినది. నేడు అక్కడి అన్నప్రసాద భవనానికి ఆ తల్లి పేరే ఉన్నది. పూరీ ఆనందబజారులో మహాప్రసాదానికి అంతరం లేదు. అమృత్‌సర్ స్వర్ణమందిరపు లంగరులో కోటీశ్వరుడు, కూలివాడు ఒకే బంతిలో కూర్చుంటారు. భాషలు వేరు, ఆచారాలు వేరు. వడ్డించే చేయి ఒక్కటే.

ఈ దేశంలో క్షేత్రాలు ఒక ప్రాంతం వారి సొత్తు కావు. బదరీనాథంలో అర్చన చేసే రావల్‌గారు కేరళ నంబూద్రి. కాశీ విశ్వేశ్వరుని నేటి ఆలయాన్ని 1780లో మాళవరాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించగా, శిఖరానికి బంగారం ఇచ్చినవాడు పంజాబు మహారాజు రంజిత్‌సింగ్. రామేశ్వరపు ఇసుక ప్రయాగలో కలుస్తుంది. గంగాజలం రామనాథుని అభిషేకానికి వస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ చెప్పాలంటే, రామదాసు చెరసాల మన గోలకొండలో ఉన్నది, ఆయన కట్టించిన గుడి భద్రాచలంలో ఉన్నది. తానీషా పంపిన ముత్యాల తలంబ్రాలని చెప్పుకునే ఆచారాన్ని ఇప్పటి ప్రభుత్వమూ నడుపుతున్నది. ఒక ఊరి కథ మరొక ఊరికి పోతేగాని పూర్తి కాదు.

అయితే పేదవాని యజ్ఞానికి విఘ్నాలు పూర్వం నుండీ ఉన్నవే. ఈస్టిండియా కంపెనీ వారు పూరీ, గయ, ప్రయాగలలో యాత్రికులపై పన్ను వసూలు చేశారు. పూరీలో యాత్రికులను నాలుగు తరగతులుగా విభజించి, ఎక్కువ చెల్లించినవారికి ఎక్కువ సౌకర్యం కల్పించారు. చివరి తరగతి వారైన నిరుపేదలను పన్ను లేకుండా విడిచినా, వారికి దర్శనం పరిమితమే. 1840లో ఆ పన్ను రద్దయినది. నేడు పన్ను లేదు. మరి తరగతులు పోయినవా? ఈ ప్రశ్నకు సమాధానం మీకు తెలుసు. దేవస్థానాలను తప్పుపట్టడం నా అభిప్రాయం కాదు. సేవా రుసుముతోనే ఎన్నో ధర్మకార్యాలు నడుస్తున్నవి. కాని సిఫారసు ఉత్తరం చేతబట్టుకొని ముందుకు పోయేటప్పుడు, వెనుక వరుసలో చంటిబిడ్డతో నిలిచిన తల్లి నిరీక్షణ మరికొంత పెరుగుతున్నదని గ్రహించండి. శాస్త్రం చెప్పిన పాదసంయమం అంటే ఇదే.

రెండవ విఘ్నం తొందర. వీరాస్వామయ్యగారికి నెలలు పట్టిన కాశీకి, నేడు సికింద్రాబాదులో రైలెక్కితే మరునాటికి చేరువవుతాం. ఇది భగవదనుగ్రహమే. కాని దారి తగ్గినకొద్దీ ఓర్పూ తగ్గినది. 2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథంలో వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆలయం నిలిచినది, మందాకిని ఒడ్డున కట్టిన వసతిగృహాలు కొట్టుకుపోయినవి. ప్రాచీనులు అక్కడ ఆలయం కట్టారు కాని, నది దారిలో నగరం కట్టలేదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి దినాన రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా మరణించారు. స్నానానికి పోయిన వృద్ధులు, స్త్రీలు తిరిగి ఇల్లు చేరలేదు.

ఈ విషయంలో సంస్కృతం చదువుకున్నవాడిగా ఒక మాట స్పష్టంగా చెప్పడం నా విధి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు పుష్కరుడు గోదావరిలో ఉంటాడని సంప్రదాయం. గోదావరిలో అంటే నది అంతటా. త్ర్యంబకం నుండి సముద్రం వరకు 1,465 కిలోమీటర్ల పొడవునా ఆ పవిత్రత ఉన్నది. బాసరలో ఉన్నది, ధర్మపురిలో ఉన్నది, కాళేశ్వరంలో ఉన్నది, భద్రాచలంలో ఉన్నది. పన్నెండు దినాలూ ఉన్నది. ఒకే రేవులో, ఒకే ముహూర్తంలో, ఒకరినొకరు తోసుకుంటూ మునిగితేనే పుణ్యమని ఏ ధర్మశాస్త్రమూ విధించలేదు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నవి. మీ ఇంటి పెద్దలను తీసుకొని పోదలచినవారు రద్దీలేని రేవును, రద్దీలేని దినాన్ని ఎన్నుకొనండి. ఫలం లేశమైనా తగ్గదు. మీరు విడిచిన ఆ చోటు మరొక నిస్సహాయునికి దొరికితే, ఆ పుణ్యం కూడా మీదే.

ఇక యాత్రికునికి మూడు నియమాలు చెప్పి ముగిస్తాను. మొదటిది లాఘవం. పాండవుల యాత్రకు దారి చూపిన రోమశ మహర్షి ధర్మరాజుతో మొదట చెప్పిన మాట, పరివారం తగ్గించుకొమ్మని. తేలికగా ఉన్నవాడే స్వేచ్ఛగా తిరగగలడని ఆయన బోధ. మనం కూడా సామాను తగ్గించుకోవాలి; ప్లాస్టిక్ సీసాలు, సంచులు కొండమీద విడిచిరావడం అసలే మానాలి. గంగలో ఉమ్మివేయరాదని, బట్టలు ఉతకరాదని, నిర్మాల్యం విడువరాదని మన నిబంధనకారులు ఎప్పుడో చెప్పారు. పరిశుభ్రత మనకు కొత్తగా వచ్చిన పాఠం కాదు.

రెండవది కథ తెలుసుకొనడం. రోమశుడు ప్రతి తీర్థం దగ్గర ఆగి దాని వృత్తాంతం చెప్పాడు, ధర్మరాజు విన్నాడు. 1213 నాటి మన రామప్పగుడికి 2021లో యునెస్కో వారసత్వ గౌరవం దక్కినది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయం అది. అక్కడికి వెళ్లి, నీటిలో తేలే ఇటుకల మాట, ఇసుక పునాది మాట పిల్లలకు చెప్పకుండా ఛాయాచిత్రం మాత్రం తీసుకొని వస్తే, చూచినదేమిటి? గోలకొండ గోడమీద మేకుతో పేరు చెక్కేవాడు రామదాసు కథ వినని వాడే అయి ఉంటాడు. గుడి కానీ, కోట కానీ, చార్మినారు కానీ, మనకు ముందున్నవారు మనకు అప్పగించిన న్యాసం. ఇల్లడ పెట్టిన వస్తువును చెడగొట్టడం దొంగతనంతో సమానం.

మూడవది, దాతలకు ప్రత్యేకంగా చెప్పేది, వెళ్లలేనివారిని తలచుకొనడం. మన వీధిలోనే చూడండి. గుడి ముంగిట ఊడ్చి ముగ్గు వేసే అమ్మ ఉన్నది. పూలమాలలు కట్టి ఇచ్చే అవ్వ ఉన్నది. ఏళ్ల తరబడి మన ప్రసాదం వండిన వంటవాడున్నాడు. కాశీ పేరు మనకంటే ఎక్కువసార్లు వారి నోటనే వినబడుతుంది; టికెట్టు మాత్రం కొనలేరు. మన ఊరినుండి యాత్రకు బస్సు కదిలినప్పుడల్లా అందులో రెండు ఆసనాలు అటువంటివారి కోసం విడువండి. వారిని సామాను మోసేందుకు, పిల్లలను ఆడించేందుకు కాక, యాత్రికులుగా తీసుకొని వెళ్లండి. సంకల్పంలో వారి గోత్రనామాలు కూడా చెప్పించండి. గోత్రం తెలియనివారి పేరైనా చెప్పించండి. అది మీకు సాధ్యం కాకపోతే, యాత్రాస్థలంలో చలివేంద్రానికి, వృద్ధులు కూర్చునే నీడకు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లకు ఇవ్వండి. శిలాఫలకం మీద పేరు వర్షానికి మాసిపోతుంది. దాహం తీరినవాడు అన్న మాట మాసిపోదు.

ధనవంతుడు ఎప్పుడైనా యజ్ఞం చేయగలడు. పేదవానికి ఋషులు ఇచ్చినది ఒక్క యాత్ర. దాన్ని అతనికి దూరం చేయకుండా, వీలైతే చేయి పట్టి నడిపించి, మీరందరూ చూడదలచిన క్షేత్రాలన్నీ చూచి, క్షేమంగా ఇళ్లకు చేరవలెనని శ్రీస్వామివారిని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.