చెరువుకు తగ్గ పడవ

కండ్లకోయ చుట్టుపక్కల చేపలు పట్టేవారు పడవ కొనేముందు నీటి లోతు చూసుకోవాలి. శామీర్‌పేట చెరువు వానాకాలంలో ఎంత నిండినా, ఎండాకాలానికి అంచుల్లో బురద తేలుతుంది. అందుకే కాకినాడ రేవులో అలలకు తట్టుకునేలా కట్టిన లోతైన పడవ, ఎంత చవకగా దొరికినా ఇక్కడ దండగ. అడుగు చదునుగా ఉన్న చిన్న ఫైబర్ పడవ చాలు. ఒక్కడే వల వేసేవాడికైతే పుట్టి కూడా సరిపోతుంది. మోటారుంటే పని త్వరగా అవుతుంది కదా అంటారు. నిజమే, కానీ చెరువులో దూరమెంత? మోటారు రెక్కలకు గుర్రపుడెక్కో, పక్కవాళ్ల వలో చుట్టుకుంటే కలిసొచ్చిన సమయం విప్పడానికే సరి. ఫైబర్ ఖరీదెక్కువన్న మాటా ఉంది. చెక్క పడవకు ఏటా సందులు పూడ్చి తారు పూసే ఖర్చు కూడా లెక్కేయండి. పాతదైతే గంటసేపు నీళ్లలో ఉంచి ఊట చూడండి. చెరువులు ఎక్కువగా మత్స్య సహకార సంఘాలకే లీజుకిస్తారు కాబట్టి, పడవకు అడ్వాన్సు ఇచ్చేముందే అక్కడ చేపలు పట్టనిస్తారో లేదో సంఘంలో అడగండి.